పాట పాడేశాను, బండి ఇంకా చూడలేదు

గుంటూరు పట్టాభిపురం నుంచి ఇరవై నాలుగేళ్ల యువకుడొకరు రాసిన పెద్ద ఉత్తరానికి ఇది సారాంశం. పేరు వద్దన్నారు కాబట్టి ఇవ్వడం లేదు.

ఆయన విజయవాడలో ఒక మందుల ఏజెన్సీలో పని చేస్తున్నారు. ఉదయం ఇంటి నుంచి ఆటో, అక్కడి నుంచి బస్సు, దిగాక మళ్లీ సిటీ బస్సు. రాత్రి ఇల్లు చేరేసరికి పది దాటుతోంది. నాన్నగారు లేరు. కుట్టుమిషన్ మీద ఇల్లు నడిపే అమ్మగారు చీటీ పాడి తెచ్చిన 50,000 రూపాయలు చేతిలో పెట్టి, ‘ఏదో ఒక బండి కొనుక్కో, రాత్రిళ్లు నీకోసం మెలకువగా ఉండలేకపోతున్నాను’ అన్నారట. స్నేహితుడు చూపించిన ఒక ఆన్‌లైన్ వేలం సైటులో, వాయిదాలు కట్టనందుకు ఫైనాన్స్ కంపెనీ సీజ్ చేసిన 2019 పల్సర్ 150 కనిపించింది. 10,000 రూపాయలు డిపాజిట్ కట్టి, 28,000 దాటకూడదని అనుకుని పాటలో దిగారు. చివరి నిమిషంలో ఎవరో పెంచడం, సమయం మరికాస్త పొడిగించడం, ఈయన మళ్లీ పెంచడం. అలా 34,500 దగ్గర పాట ఈయన పేరున ఆగింది. సైటు రుసుము 2,950 అదనం. డిపాజిట్ సర్దుబాటు చేసుకోగా మిగిలిన 27,450 రూపాయలు అయిదు పనిదినాల్లో కట్టకపోతే డిపాజిట్ పోతుంది.

గెలిచాక షరతులు చదివారు. వాహనం ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోట ఉన్నట్టుగా’ ఇస్తారట; ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడిలో ‘లేదు’ అని ఉంది; పేరు మార్పిడికి 180 రోజుల వరకు పట్టవచ్చట; పాత చలానాలకు, లేని విడిభాగాలకు ఎవరూ బాధ్యులు కారట. బండి గొల్లపూడి అవతల ఒక యార్డులో ఉంది. యార్డు మనిషినంటూ ఒకరు ఫోన్ చేసి, తన నంబరుకు 3,000 పంపితే ‘త్వరగా రిలీజ్ చేయిస్తా’ అన్నారు. ఆటోనగర్‌లో మెకానిక్ అయిన మేనమామ, తనను అడగకుండా ఫోన్లో బండి కొన్నందుకు అలిగారు. తన దగ్గరికి సర్వీసుకు వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారి 2017 స్ప్లెండర్‌ను 46,000కు ఇప్పిస్తానని అంతకుముందే ఆయన అన్నారట. పైగా, ‘యార్డుల్లో ఉన్నవి బుడమేరు వరదలో మునిగిన బళ్లేరా’ అని భయపెట్టారు. అమ్మగారి అభ్యంతరం వేరు. ‘కట్టలేనివాడి దగ్గర లాక్కొచ్చిన బండి మనకెందుకు, వాడి ఉసురు తగులుతుంది’ అన్నారు. డిపాజిట్ వదులుకోవాలా, బండి తెచ్చుకోవాలా, అమ్మకూ మామయ్యకూ ఏమని చెప్పుకోవాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం

మీ గడువు దృష్టిలో పెట్టుకుని ఈ సమాధానాన్ని మీకు ముందుగానే మెయిల్‌లో పంపాము. ఇలాంటి ఉత్తరాలు మరికొన్ని వచ్చినందువల్ల ఇక్కడ కూడా ప్రచురిస్తున్నాము.

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. 10,000 పోతుందన్న బెంగ, బండి మంచిదో కాదో తెలియని అనుమానం, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ల మనసు కష్టపెట్టానన్న బాధ. మీరు ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు అడుగుతున్నారు. వాటిని విడదీసి చూస్తే మీకే దారి కనిపిస్తుందని నా నమ్మకం. అసలు పెద్ద చిక్కు మాత్రం ఈ మూడింటిలో లేదు; మీరు షరతుల మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ‘ఆర్‌సీ: లేదు’ అన్నచోట ఉంది. దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా డిపాజిట్ సంగతి. మీరు ఎంతకు పాడినా, ఇప్పుడు మానుకున్నా కొనుక్కున్నా, ఆ 10,000 మీ చేతిలోంచి వెళ్లిపోయిన డబ్బే. ఇప్పుడు మీరు తేల్చుకోవలసింది, మీ దగ్గర మిగిలిన 40,000లో 27,450 ఈ బండి మీద పెట్టవచ్చా లేదా అన్నది మాత్రమే. పోయినదాన్ని దక్కించుకోవాలన్న తొందరలో ఉన్నదాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్లను పాటల్లో చాలామందిని చూశాము. మీ అమ్మగారికి ఈ విద్య మీకన్నా బాగా తెలుసు; చీటీ పాటలో ఎంతవరకు దిగాలో ముందే లెక్క వేసుకుని కూర్చునేవాళ్లు, పక్కవాళ్లు ఎంత రెచ్చగొట్టినా ఆ గీత దాటరు. మీరు 28,000 గీత గీసుకుని 34,500 దాకా వెళ్లడానికి కారణం బండి కాదు, చివరి నిమిషాల్లో పొడిగించే ఆ గడియారం. ఎవరైనా చివరి క్షణంలో ధర పెంచితే మరికొంత సమయం ఇచ్చే ఏర్పాటు ఈ సైట్లలో మామూలే. దానికి చిక్కినవారిలో మీరు మొదటివారు కారు కాబట్టి సిగ్గుపడనక్కరలేదు.

ఇక బండి ఖరీదు. మీరు రాసిన 37,450 అసలు ధర కాదు. నెలల తరబడి యార్డులో ఎండకు ఎండి వానకు తడిసిన బండికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, టైర్లు పగుళ్లు ఇచ్చి ఉంటాయి, కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురుగా గడ్డకట్టి ఉంటుంది. మీ పల్సర్ 2020 ఏప్రిల్ 1కి ముందుది, అంటే బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణం) బండి. దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ కాకుండా కార్బురేటరే ఉంటుంది కాబట్టి మీ మామయ్యలాంటివారి చేతిలో అది త్వరగానే బాగుపడుతుంది. అది మీకు కలిసొచ్చే విషయం. అయినా రెండు టైర్లకు 4,500, బ్యాటరీకి 1,300, చైన్ స్ప్రాకెట్‌కు 1,800, ఆయిలు, కేబుళ్లు, బ్రేకు షూలకు 1,500, బీమాకు 850, పేరు మార్పిడి ఖర్చులకు 1,500 వేసుకుంటే మొత్తం 49,000 దరిదాపులకు చేరుతుంది. ఇవి నేను వేసిన అంచనాలే, మీ మామయ్య ఇంకా కచ్చితంగా చెప్పగలరు. ఇంజన్ బోరుకొచ్చి, అంటే సిలిండరు అరిగి ఉంటే ఆ ఖర్చు దీనికి అదనం. పాత చలానాలు కూడా అదనమే. రవాణా శాఖలో పేరు మార్చుకునే సమయంలో అవి అడ్డు పడతాయి కాబట్టి, బండి నంబరు పెట్టి ఎన్ని ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి.

మరో లెక్క మీరు వేసినట్టు లేదు. గుంటూరు నుంచి విజయవాడకు రానూపోనూ 70 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అనుకుంటే 1,820 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే పల్సర్‌కు సుమారు 40 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయల వంతున నెలకు 4,400 పైచిలుకు. లీటరుకు 60కి పైగా ఇచ్చే వంద సీసీ బండికి అదే దూరం 3,200తో గడుస్తుంది. ఏడాది తిరిగేసరికి తేడా 14,000 దాటుతుంది. పాటలో మీరు ఆదా చేశాననుకున్నది ఏడాదిలోపే పెట్రోలు బంకులో ఖర్చయిపోతుంది. పల్సర్ మీద మోజు ఉండడం తప్పు కాదు, ఆ వయసులో నాకూ ఉండేది. అయితే అది మోజు అని తెలిసి కొనడం వేరు, చౌక అనుకుని కొనడం వేరు.

ఇప్పుడు ఆర్‌సీ. బర్రె నీళ్లలో ఉండగా బేరమాడినట్టు అని మనవాళ్లు అంటారు. మీ విషయంలో బర్రెతోపాటు దాని యజమాని ఎవరన్నది కూడా నీళ్లలోనే ఉంది. ఆర్‌సీలో ఇప్పటికీ వాయిదాలు కట్టలేకపోయిన ఆ వ్యక్తి పేరే ఉంటుంది. ఆయన వచ్చి సంతకాలు పెట్టరు. అలాంటి సందర్భం కోసమే మోటారు వాహనాల చట్టం 1988లోని 51వ సెక్షన్ ఒక దారి చూపించింది. వాయిదాలు కట్టనందున వాహనాన్ని స్వాధీనం చేసుకున్నామని ఫైనాన్స్ కంపెనీ ఫారం 36లో దరఖాస్తు చేస్తుంది. పాత యజమానికి రవాణా అధికారి ఫారం 37లో నోటీసు పంపి, చెప్పుకోవడానికి అవకాశమిచ్చి, ఆ తరువాత కంపెనీ పేరున కొత్త ఆర్‌సీ ఇస్తారు. అప్పుడు కంపెనీ ఫారం 29, 30 మీద సంతకాలు చేసి మీ పేరుకు మారుస్తుంది. అప్పు తీరిందని చూపే ఫారం 35 కూడా అవసరమవుతుంది. లేకపోతే హైపోథికేషన్ (బండి అప్పుకు తాకట్టులో ఉందన్న) గుర్తు మీ ఆర్‌సీ మీద అలాగే మిగిలిపోతుంది. షరతుల్లో రాసిన 180 రోజులు ఈ తతంగం కోసం పెట్టుకున్న గడువు. కంపెనీ మొదటి మెట్టు ఇప్పటికే దాటి తన పేరున ఆర్‌సీ తీసుకుని ఉంటే మీ పని కొద్ది వారాల్లో తేలుతుంది. ఇంకా దరఖాస్తే చేయకపోతే ఎప్పటికి తేలుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆ మధ్యకాలంలో ఏమవుతుందన్నది మీరు నిజంగా భయపడవలసిన విషయం. బీమా పాలసీ ఎప్పుడూ ఆర్‌సీలో పేరున్నవారి పేరునే ఇస్తారు. 2018 సెప్టెంబరు 1 తరువాత కొన్న కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి వర్తించే) బీమా తప్పనిసరి చేశారు; మీది 2019 బండి కాబట్టి ఆ అయిదేళ్లూ గడిచిపోయాయి, ఆ తరువాత ఎవరూ కొత్తది కట్టి ఉండరు. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 75 నుంచి 150 సీసీ వరకు థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పన్ను అదనం. అది చిన్న మొత్తమే. అయితే యజమానే నడుపుతూ ప్రమాదానికి గురైతే వర్తించే 15 లక్షల వ్యక్తిగత బీమా, ఆర్‌సీ మీ పేరున లేనంతకాలం మీకు వర్తించదు. మీరు రోజూ ప్రయాణించబోయేది పదహారో నంబరు జాతీయ రహదారి మీద, అదీ రాత్రి తొమ్మిది తరువాత, కాజ టోల్ గేటు దాటాక లారీల మధ్యన. ఆ రోడ్డు మీదకు ఆర్‌సీ లేని బండితో, మీకు పనికిరాని బీమాతో ఆరు నెలలు వెళ్లాలా అని మీ అమ్మగారి వైపు నుంచి ఆలోచించండి. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా అన్నది దీని ముందు చిన్న సంగతి.

పేరు మార్పు ఎంత ముఖ్యమో నేను ఎదురువైపు నుంచి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట పాత స్కూటరును ఒక బ్రోకరుకు అమ్మి, ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చి మరచిపోయాను. మూడేళ్ల తరువాత, ఎవరో నడిపిన ఆ స్కూటరు ఎవరినో ఢీకొట్టిందని నాకు కోర్టు సమన్లు వచ్చాయి. దాన్నుంచి బయటపడడానికి పట్టిన కాలం, తిరిగిన తిరుగుడు స్కూటరు అమ్మితే వచ్చిన డబ్బుకు నాలుగింతలు. రిజిస్టరులో పేరున్నవారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ‘నేను అమ్మేశాను’ అన్న మాట అక్కడ నిలవదు. మాస్టారి స్ప్లెండర్ తీసుకున్నా ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన తెలిసినవాడు కదా అని ఫారాలు తరువాత చూసుకుందామనుకోవద్దు.

అందువల్ల మిగిలిన డబ్బు కట్టే ముందు ఫైనాన్స్ కంపెనీ గుంటూరు లేదా విజయవాడ శాఖకు స్వయంగా వెళ్లండి. సైటు వారికి కాకుండా, కంపెనీ వారికే నాలుగు ప్రశ్నలు వేయండి. మొదటిది, ఈ వాహనాన్ని ఈ సైటులో వేలం వేసింది నిజంగా మీరేనా అన్నది. అబద్ధపు సైట్లు, అరువు తెచ్చిన ఫొటోలు, బదిలీ అయిన జవానునంటూ బండి అమ్మజూపేవాళ్లు ఉన్న కాలమిది. రెండోది, ఫారం 36 దరఖాస్తు చేశారా, చేస్తే దాని రసీదు నకలు ఇస్తారా అన్నది. మూడోది, స్వాధీనం చేసుకున్నప్పుడు పోలీస్ స్టేషనుకు ఇచ్చిన సమాచారపు నకలు. అది లేకపోతే రేపు పాత యజమాని బండి దొంగతనం అయిందని ఫిర్యాదు చేసి ఉన్నట్టు తేలినా ఆశ్చర్యం లేదు. నాలుగోది, డబ్బు కట్టాక కంపెనీ లెటర్‌హెడ్ మీద అమ్మకపు పత్రం, రశీదు, డెలివరీ పత్రం మీ పేరున ఇస్తారా అన్నది. వీటికి కాగితం మీద జవాబు ఇవ్వగలిగిన శాఖ అయితే బేరం నమ్మదగినదే. ‘అన్నీ అయిపోతాయి సార్, ముందు కట్టేయండి’ అన్న జవాబు వస్తే దాన్ని జవాబు కింద లెక్కించకండి.

యార్డు మనిషి అడిగిన 3,000 విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. కంపెనీ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి నంబరుకు పంపమనే ప్రతి రూపాయికీ రశీదు అడగండి, ఇవ్వనంటే పంపకండి. ఇప్పటికే పంపి ఉండి, అది మోసమని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

మామయ్య వరద మాటను కోపంతో అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఇళ్ల ముందున్న బళ్లన్నీ మునిగాయి. వాటిలో చాలావాటిని యజమానులు బాగుచేయించుకుని నడుపుకుంటున్నారు, తప్పేమీ లేదు. మునిగి, సరిగ్గా విప్పి కడగకుండా నిలబెట్టేసిన బండితోనే ప్రమాదం. సీటు తీసి దాని కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల, హెడ్‌లైట్ వెనుక వైర్ల కనెక్టర్ల దగ్గర చూడండి. ఆరిన ఒండ్రుమట్టి పొర, కనెక్టర్లలో పచ్చటి చిలుము, ఒకే ఎత్తు వరకు తుప్పు పట్టిన బోల్టులు కనిపిస్తే నీళ్లు ఎంతవరకు వచ్చాయో అవే చెబుతాయి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. అలాంటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి చూపించమని కూడా అడగవద్దు.

మిగతా పరీక్ష సంతలో ఎద్దు పళ్లు చూడడం లాంటిది, తెలిసినవారికి రెండు నిమిషాల పని. హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు వేలం కాగితంలో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. గీకి మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే ఇక ఏమీ చూడకుండా వెనక్కి తిరగండి. ముందు ఫోర్కుల దగ్గర ఆయిలు కారుతోందా, ముందు చక్రం, వెనుక చక్రం ఒకే గీతలో ఉన్నాయా, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తోందా, తాళం చెవి అసలు ఉందా అన్నవి తరువాతి సంగతులు. మీటరు చూపించే కిలోమీటర్లను మాత్రం నమ్మకండి. బ్రేకు పెడల్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు ఎంత అరిగాయో చూస్తే బండి ఎంత తిరిగిందో కొంతవరకు తెలుస్తుంది.

అమ్మగారి మాటకు జవాబు చెప్పడం వీటన్నిటికన్నా కష్టం. ఉసురు అన్నది నమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఒకరి కష్టం మీద మనం లాభపడుతున్నామా అన్న ప్రశ్నను ఆవిడ తన మాటల్లో వేశారు. అది వేయదగిన ప్రశ్న. వాయిదాలు వసూలు చేసుకోవడానికి కండబలం ఉన్న మనుషులను పంపడాన్ని సుప్రీంకోర్టు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు వర్సెస్ ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగా తప్పుపట్టింది. బండి స్వాధీనం చేసుకునే ముందు ఎంత నోటీసు ఇవ్వాలో, అమ్మే ముందు బాకీ కట్టడానికి చివరి అవకాశం ఎలా ఇవ్వాలో అప్పు ఒప్పందంలోనే రాసి ఉండాలని రిజర్వు బ్యాంకు నియమాలు చెబుతున్నాయి. కాబట్టి కంపెనీ శాఖలో, పాత యజమానికి వేలానికి ముందు నోటీసు ఇచ్చారా అని అడగండి; అది మీ భద్రతకూ అవసరం, అమ్మగారి మనశ్శాంతికీ అవసరం. ఇంకొక సంగతి ఆవిడకు చెప్పవచ్చు. వేలంలో వచ్చిన సొమ్ము ఆ వ్యక్తి బాకీలో జమ అవుతుంది. బాకీ పోను మిగిలితే అది ఆయనకే చెందుతుంది, తక్కువ పడితే ఆ తేడా ఆయన మెడ మీదే ఉంటుంది. మీరు పాడిన ప్రతి వెయ్యి రూపాయలూ ఆయన అప్పులో వెయ్యి తగ్గించాయి. బండి ఎవరూ కొనకుండా యార్డులో తుప్పు పడితే ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఇది చెప్పాక కూడా అమ్మగారికి మనసొప్పకపోతే, చీటీ వాయిదాలు నెలనెలా కట్టేది ఆవిడే కాబట్టి ఆ మాటకు విలువ ఇవ్వవలసిందే. రాత్రి పదింటికి ఆ బండి చప్పుడు వినబడగానే ఇంట్లో మనిషి మనసు కలుక్కుమంటుంటే, ఆ బండి ఎంత చౌకగా వచ్చినా ఏం సుఖం?

ఇక మీ ముందున్న దారులు. శాఖలో కాగితాలు దొరికి, యార్డులో బండి పరీక్షకు నిలిస్తే, మిగిలిన డబ్బు కట్టి తెచ్చుకోవచ్చు. అప్పుడు కూడా ఆర్‌సీ మీ పేరుకు మారేవరకు హైవే మీద రోజువారీ ప్రయాణానికి దాన్ని వాడకుండా బస్సులోనే వెళ్లగలనా అని ముందే తేల్చుకోండి. వెళ్లగలిగితే బేరం గిట్టుబాటు. వెళ్లలేనంటే, బండి కొన్నది ఎందుకో ఆ అవసరమే ఆరు నెలలు తీరదు.

కాగితాల దగ్గరే తేడా కనిపిస్తే డిపాజిట్ వదులుకోండి. సైటులో మీ ఖాతా ఆపేయవచ్చు. అది నష్టమని నేను అనుకోను. వదులుకునే ముందు ఒక ప్రయత్నం చేయండి: ప్రకటనలో చెప్పినదానికీ యార్డులో ఉన్నదానికీ తేడా ఉంటే, అంటే వేరే ఛాసిస్ నంబరు, ఫొటోలో ఉండి ఇప్పుడు లేని భాగాలు, అలాంటివి ఉంటే ఫొటోలు తీసి డిపాజిట్ తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు బండి పాతదనానికి వర్తిస్తుంది. వేరే బండిని అంటగట్టడానికి వర్తించదు.

మాస్టారి స్ప్లెండర్ మూడో దారి. డిపాజిట్ పోయాక మీ దగ్గర 40,000 ఉంటుంది, ఆయన అడిగేది 46,000. మామయ్య ద్వారా కొంత తగ్గించమని అడగవచ్చు, లేదా రెండు నెలలు ఆగి మిగతాది కూడబెట్టవచ్చు. ఒకే యజమాని, సర్వీసు చేసిన మనిషి మీ ఇంటివాడే, సంతకం పెట్టే చెయ్యి కళ్లెదుట ఉంది. కొన్ని వేల తేడా కోసం ఈ సౌకర్యాన్ని వదులుకునే అవసరం నాకు కనిపించడం లేదు. అయితే చుట్టరికం వల్ల వచ్చే ఇబ్బందీ ఉంది. రేపు బండి మొరాయిస్తే మామయ్యను అడగలేరు, అడగకుండానూ ఉండలేరు. అందుకని డబ్బు మామయ్య చేతికి కాకుండా మాస్టారి బ్యాంకు ఖాతాకే పంపండి. ఫారం 29, 30 అదే రోజు పూర్తి చేయండి. రాష్ట్రంలోని బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. బీమా కంపెనీకీ 14 రోజుల్లో రాయాలి.

కొత్త బండి వాయిదాల మీద తీసుకోవడం గురించి మీరు అడగలేదు, నేనూ పెద్దగా చెప్పను. మీరు పాడిన పల్సర్ కూడా అలా మొదలైన బండే. హైదరాబాదు యార్డుల్లో ఇంకా చౌకగా కనిపించే తెలంగాణ నంబరు బళ్ల జోలికి మాత్రం పోకండి. అక్కడి నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్సు కలుపుకుంటే ఆ చౌకదనం మిగలదు.

నన్ను మొగ్గు ఎటు అని అడిగితే, శాఖలో ఫారం 36 రసీదు చూపించని పక్షంలో నేనైతే 10,000 వదిలేసి స్ప్లెండర్ వైపు చూస్తాను. చూపిస్తే యార్డుదాకా వెళ్తాను. మీ పరిస్థితి మీకే బాగా తెలుసు.

ఏ దారి పట్టినా మామయ్యకు ఇవాళే ఫోన్ చేయండి. తప్పయిందన్న పెద్ద మాటలు అక్కరలేదు. ‘రేపు పొద్దున్న గొల్లపూడి యార్డుకు వెళ్తున్నాను మామయ్యా, నువ్వు రాకపోతే నాకేం తెలుస్తుంది’ అంటే చాలు. బండ్ల మధ్య బతికిన మనిషికి అంతకన్నా మర్యాద మరొకటి ఉండదు. యార్డు తెరిచే వేళకే చేరుకోండి. స్టార్ట్ చేయకముందే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వెచ్చగా తగిలితే, మీకన్నా ముందే ఎవరో దాన్ని స్టార్ట్ చేసి సిద్ధం చేసి పెట్టారన్నమాట. అలాంటప్పుడు టీ తాగి, గంట ఆగి, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక మామయ్య చేత మళ్లీ స్టార్ట్ చేయించండి.